గద్దకొండ లంకెబిందెలు

గద్దకొండ అడవి గేటు దగ్గర టికెట్లు చించి ఇస్తూ వాచరు బాషా ఆ ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. మద్దిలేటి, అతని చెల్లెలు ఓబులమ్మ, ఆమె మొగుడు తిరుపాలు అతనికి కొత్తవాళ్లు కాదు. కొండ కింది ఊళ్లలో వాళ్ల ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. నిధోళ్లు అంటే చాలు, చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. తిరుపాలు చేతికర్ర మీద బాషా చూపు ఆగింది. గుడ్డపేలికలు చుట్టిన ఆ కర్ర నేలకు ఆనించినప్పుడల్లా ఠంగుమంటోంది. అడవిలోకి గడ్డపార తీసుకుపోతే కేసవుతుంది. కానీ గేటు కంబం పట్టుకొని, అప్పుడే సగం కొండ ఎక్కినవాడిలా ఒగురుస్తున్న మద్దిలేటిని చూశాక అతనికి అడగబుద్ధి కాలేదు. దొరికితే తనకూ ఒక బిందె తెచ్చిపెట్టమని మాత్రం నవ్వాడు.

మద్దిలేటి నవ్వలేదు. ఈ నవ్వులు మోయడానికే అతని బతుకు సరిపోయింది. బస్సు కండక్టరుగా చేసినన్నాళ్లూ, ఇంట్లో లంకెబిందెలు పెట్టుకొని నీకీ టికెట్లు కొట్టే ఖర్మేమిటని ఎక్కినవాళ్లూ దిగినవాళ్లూ ఎకసెక్కాలాడారు. రిటైరయ్యాక నవ్వులు తగ్గాయనుకుంటే మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి.

కథంతా అతని జేజి, నాయనను కన్నతల్లి, ఈరమ్మతో మొదలైంది. ఆ కొండ మీద మేకలు మేపుతూనే ముసలిదైపోయిన ఈరమ్మ, ప్రాణం పోయేముందు కొడుకును, అంటే మద్దిలేటి నాయనను, దగ్గరకు పిలిచి మూడు మాటలు చెప్పింది.

“గద్దబండ కింద గవిలో లంకెబిందెలుండాయి. కరువుకు తీయండి, కలిమికి తీయొద్దండి. తీసినోడు మూతేసి రావల్ల.”

లంకెబిందెలంటే ఒకదానికొకటి లంకె వేసి పాతిపెట్టిన బంగారపు బిందెలని ఎవరికి తెలియదు? కరువు రానే వచ్చింది. కొడుకు గడ్డపార భుజాన వేసుకొని ఎర్రటి ఎండలో కొండెక్కాడు. మళ్లీ దిగలేదు. మేకలకాపరులకు కనుమ దారిలో శవమై కనిపించాడు. వడదెబ్బ అన్నారు. అప్పటికి మద్దిలేటికి మూతి మీద మీసం మొలవలేదు, ఓబులమ్మ చంకలో పిల్ల.

తర్వాత మద్దిలేటి కూడా ఆ గవి కోసం, జేజి చెప్పిన గుహ కోసం, ఎన్నోసార్లు కొండెక్కాడు. కార్తీకమాసంలో, చల్లని గాలిలో, పచ్చటి పొదల మధ్య వెతికి వెతికి ఉత్త చేతులతో దిగాడు. ఈ వానాకాలం నుంచి కొండకు ఆ వైపు ఎవరినీ పోనివ్వరని తెలిసింది. అందుకే మండుటెండల్లో ఈ ఆఖరి ప్రయాణం. బంగారం మీద ఆశ అతనిలో ఎప్పుడో చచ్చిపోయింది. నాయన ఉత్తపుణ్యానికి చావలేదని తెలిస్తే చాలు. ఆ ఒక్కటీ తెలుసుకొని మోకాళ్లకు సెలవివ్వాలని అతని కోరిక.

సందర్శకుల కోసం రంగు బాణాలు వేసిన దారి మొదటి మలుపు దాకా బాగానే ఉంది. అక్కడ ఫోటోలు దిగే అరుగు దాటాక బాణాలూ లేవు, దారీ లేదు. అడవిలోకి మేకలను రానీయడం మానేశాక కాపరుల కాలిబాట పూడిపోయింది. పైకి చూస్తే ఎర్రటి బండలు, బండల సందుల్లో బ్రహ్మజెముడు, ఎండిన బలుసు కంపలు. కాలు మోపిన చోటల్లా గులకరాళ్లు జారుతున్నాయి. రెండడుగులు ఎక్కితే ఒక అడుగు కిందికి వస్తున్నారు. బండ పట్టుకుంటే అరచేయి చుర్రుమంటోంది. మద్దిలేటి ప్రతి బండ దగ్గరా కూర్చున్నాడు, ప్రతిసారీ లేవకుండా ఉండిపోదామనుకున్నాడు, ప్రతిసారీ లేచాడు.

కనుమలో నడుమెత్తు రాళ్లకుప్ప ఒకటి ఉంది. దారిలో పోయిన మనిషి పడ్డచోట వచ్చేపోయేవాళ్లు తలా ఒక రాయి వేయడం అక్కడి ఆచారం. ఓబులమ్మ నాయన ముఖం ఎరగదు. ఆమెకు తెలిసిన నాయన ఈ రాళ్లకుప్పే. ముగ్గురూ తలా ఒక రాయి వేశారు.

ఆ పైన నిట్టనిలువు బండ. తిరుపాలు ముందు ఎక్కి గడ్డపార సందులో దిగేసి పట్టుకున్నాడు. ఓబులమ్మ దాన్ని ఊతం చేసుకొని ఎక్కింది. మద్దిలేటి ఎక్కుతుండగా మోకాలు మెలిపడింది. అతను జారడం చూసి తిరుపాలు చటుక్కున వంగి చొక్కా కాలరు దొరకబుచ్చుకున్నాడు. మనిషి నిలిచాడు గానీ, ముగ్గురికీ ఉన్న ఒక్క నీళ్లక్యాను తిరుపాలు భుజం మీంచి జారి బండల మీద పొర్లుతూ లోయలోకి పోయింది. అది పగిలిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

ముగ్గురూ లోయలోకి చూస్తూ కూర్చుండిపోయారు. దిగుదామంటే గేటు చాలా దూరం, నీడన్నది లేని దారి. సెల్లుకు సిగ్నలు అందదు. కాసేపటికి తిరుపాలుకు చెమట పట్టడం ఆగిపోయింది. కళ్లు ఎర్రబడ్డాయి. తను పెళ్లికి పోవాలి, తెల్లచొక్కా తీయమని పెళ్లాన్ని అడిగాడు. ఓబులమ్మ అన్న వైపు చూసింది. నాయనను తిన్న కొండ ఇప్పుడు చెల్లెలి పసుపు కుంకుమలు అడుగుతోంది, అదీ తనను కాపాడబోయినందుకు.

తలెత్తి చుట్టూ చూశాడు. ఎదురుగా గద్దముక్కులా ముందుకు వంగిన పెద్దబండ. దాని కింద, ఆకులన్నీ రాలిపోయిన కంపల వెనక, నల్లటి నోరు ఒకటి కనిపించింది. కార్తీకంలో వచ్చినప్పుడల్లా పచ్చటి పొద తప్ప మరేమీ కనిపించని చోటు అది. ఇన్నేళ్ల వెతుకులాట ఫలించినందుకు అతనికి సంతోషం కలగలేదు. అక్కడ నీడ ఉంది, అంతే.

“నువ్వు తల వైపు పట్టు, నేను కాళ్లు పడతా,” అన్నాడు చెల్లెలితో.

ఇద్దరూ తిరుపాలును ఈడ్చుకుంటూ మోసుకుంటూ కంపల్లోంచి గవిలోకి చేర్చారు. లోపల చల్లగా, గబ్బిలాల కంపుతో ఉంది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక నేల మీద బండలో గుండ్రని గుంత కనిపించింది. బిందె మూతిలాగే సన్నని మెడ, లోపల వెడల్పు. మూతబండ పక్కకు నెట్టి ఉంది. మద్దిలేటి బోర్లా పడుకొని సెల్లు వెలుగు లోపలికి వేశాడు. గుంత ఖాళీ. అడుగున దుమ్ము, ఆ దుమ్ము కింద గడ్డపార పోట్ల గుర్తులు.

ఎవరో ముందే వచ్చారు. ఎవరో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. గుంత పక్కన అరుగులాంటి రాతి మీద ఇత్తడి సున్నపుకాయ ఉంది. నాయన ఆకువక్క వేసుకునేటప్పుడు దాన్ని తెరిచిపెట్టే పని చిన్నప్పుడు మద్దిలేటిదే.

అంటే నాయన ఇక్కడి దాకా వచ్చాడు. మూత తీశాడు, చూశాడు, పొడిచాడు, ఏమీ లేదని దిగిపోతూ కనుమలో కూలిపోయాడు. ఉత్తపుణ్యానికే చచ్చిపోయాడు. మద్దిలేటికి ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికి ఒంట్లో తడి ఉండాలి.

ఠంగుమన్న చప్పుడుకు అదిరిపడ్డాడు. తిరుపాలు ఎప్పుడు లేచాడో, గడ్డపార పట్టుకొని గుంత మీద తూలుతూ నిలబడి ఉన్నాడు. రెండో బిందె పక్కనే ఉందని, గోడ గుల్లగా మోగుతోందని, ఒక్క పోటుకు పగులుతుందని గొణుగుతున్నాడు. గడ్డపార మళ్లీ పైకి లేచింది.

గుల్లగా మోగిన మాట నిజమే, మద్దిలేటి కూడా విన్నాడు. బస్సులో కూర్చున్నా పడుకున్నా జీవితమంతా చెవుల్లో తిరిగిన జేజి మాట అప్పుడే మళ్లీ తిరిగింది. కరువుకు తీయండి. తీసినోడు మూతేసి రావల్ల. బంగారం తీసుకున్నాక ఉత్త గుంతకు మూతెందుకు? వాడిన తర్వాత మూత వేసేది దేనికి?

ఒక్క ఉదుటున లేచి గడ్డపారను రెండు చేతులా పట్టుకున్నాడు.

“పగలగొట్టొద్దు తిరుపాలూ. పగిలితే మళ్లీ నిండదు. ఓబులమ్మా, చెయ్యి పెట్టి చూడు. అడుగున కాదు, పక్కన.”

ఓబులమ్మ భుజం దాకా చేయి లోపలికి దూర్చి గోడంతా తడిమింది. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆమె చేయి ఆగింది. పొత్రంలాంటి రాయొకటి గోడలో బిగించి ఉందని, దాని చుట్టూ చల్లగా ఉందని చెప్పింది. అటూ ఇటూ తిప్పింది. రాలేదు. గోళ్లు విరిగేలా పట్టి మళ్లీ తిప్పింది. రాయి కీచుమంటూ ఊడివచ్చింది. దాని వెనకే సన్నటి ధార, తర్వాత లావు ధార, బుడబుడమంటూ గుంతలోకి నీళ్లు దూకాయి.

ఆమె ముందు తను తాగలేదు. కొంగు తడిపి మొగుడి నోట్లో పిండింది, తల మీద పిండింది, ఎదురురొమ్ము మీద పిండింది. తిరుపాలు చాలాసేపటికి కళ్లు తెరిచి, పెళ్లి అయిపోయిందా అని అడిగాడు. ఓబులమ్మ అప్పుడు ఏడ్చింది.

మద్దిలేటి దోసిళ్లతో తాగి గోడకు చేరగిలబడ్డాడు. కొండ కడుపులో ఊరిన నీళ్లు, కంటికి కనిపించని లోపలి గుంతలో ఎండ సోకకుండా ఎన్నేళ్లుగా ఉన్నాయో. లోపలిదొకటి, బయటిదొకటి, నడుమ రాయి లంకె. మేకలు చావకుండా, కాపరులు చావకుండా ఎవరో పెద్దలు తొలిచి దాచిన సొత్తు.

“నాయన గడ్డపార పట్టుకొని వచ్చినాడు,” అన్నాడు. “చెంబు పట్టుకొని వచ్చింటే బతికేటోడు ఓబులమ్మా. ఆయప్ప దప్పికతో కూచున్నది ఈన్నే. నీళ్లు పక్కనే ఉన్న్యాయి.”

“జేజి నీళ్లని చెప్పింటే పోయేది కదన్నా.”

“ఆయమ్మకు అవి లంకెబిందెలే. బంగారువి ఉంటాయని ఆయమ్మకేం తెలుసు?”

ఎండ తగ్గేదాకా అక్కడే పడుకున్నారు. లేచాక ఓబులమ్మ రాయిని మళ్లీ గోడలో బిగించింది. మూతబండను చేతులతో జరపడం ముగ్గురి వల్లా కాలేదు. తిరుపాలు గడ్డపారకు చుట్టిన పేలికలు విప్పేసి, దాన్ని బండ కింద దోపి, మెల్లగా తోసి మూత వేశాడు. ఇన్ని తరాల్లో బిందెల దగ్గర గడ్డపార ఆ ఇంటికి అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. కిందింకా ఏమైనా ఉందేమోనని అతనికి మనసులో పీకుతూనే ఉంది గానీ పైకి అనలేదు. గడ్డపారను గవిలోనే వదిలేసి వచ్చాడు.

కనుమలో రాళ్లకుప్ప దగ్గర మద్దిలేటి ఆగాడు. జేబులోంచి సున్నపుకాయ తీశాడు. శుభ్రంగా కడిగి గవిలోనే నింపి తెచ్చాడు. గుక్కెడు నీళ్లు కూడా పట్టని ఆ కాయను పైరాళ్ల మీద నిదానంగా వంచాడు. కాలిన రాళ్లు ఆ నీళ్లను వెంటనే పీల్చుకున్నాయి. తాగు నాయనా అన్నాడు, తనకు మాత్రమే వినబడేట్టు.

పొద్దు వాలేసరికి గేటుకు చేరారు. చెల్లెలి భుజం మీద ఒక చేయి, బావమరిది భుజం మీద ఒక చేయి వేసి కుంటుతున్న మద్దిలేటిని చూసి బాషా కుర్చీ లాగి వేశాడు. తిరుపాలు చేతిలో కర్ర లేకపోవడం గమనించాడు. అలవాటు కొద్దీ అడిగాడు.

“ఏం నిధోళ్లూ, దొరికినాయా బిందెలు?”

మద్దిలేటి కూలబడి, చెప్పులు విడిచి, మోకాళ్లు చాపుకున్నాడు.

“దొరికినాయి బాషా.”

“మరి యాడుండాయి?”

“తాగినాం. మూతేసి వచ్చినాం.”