వంగకూడని గుహ

ఆ ఉదయం నల్లదీవి కొండకు దక్షిణం వైపున కొత్త పొగ లేచింది. పడవలోంచి దాన్ని మొదట చూసింది యామిని. అగ్నిపర్వతాల మీద పరిశోధన చేస్తున్న ఆమె, ఆ పొగ వచ్చే బిలం ఎక్కడుందో కనిపెట్టి తీరాలి. సాయంత్రానికి చేపల వేట పడవలన్నీ పిల్లాపాపలతో వచ్చి, కొండ కిందున్న రేవులోనే విడిది చేస్తాయి. బిలం రేవు నెత్తినే ఉంటే వాళ్లను ఆపాలి. దీవిలో ఫోను పనిచేయదు.

పడవ నడుపుతున్న ఆమె మేనమామ నూకరాజు మొలలోంచి పాత గుడ్డముక్క తీశాడు. ఎప్పుడో ఓడ పగిలిన నావికులు పెట్టె దాచిన గుహ అందులో గీసి ఉంది.

“ఆ పొగ నా గుహలోంచే వత్తంది అమ్మీ. నీ బిలానికీ నా పెట్టెకీ దారొక్కటే.”

“పెళ్లైన కాడ్నుంచీ ఇదే పాట,” అంది అతని భార్య పోలమ్మ. “ఆ పెట్టె దొరికితే నన్ను సంద్రంలో తోసేత్తాడు గావాల.”

మొగలిపొదలు నరుక్కుంటూ, బూడిదలో జారుతూ ముగ్గురూ కొండెక్కారు. యామిని ఉష్ణమాపకాన్ని పగుళ్లలో గుచ్చి, వేడి పెరుగుతున్న వైపుకే దారి తీసింది. ఒకచోట పోలమ్మ అరచేయి చాపి చూసి, “ఈ సెగ మీద అన్నం వొండీవచ్చు,” అని నవ్వింది.

గుహ కనిపించింది. గంధకం వాసన ముక్కులు బద్దలు కొట్టింది. లోపల గోడకున్న కంతలోంచి చూస్తే సరిగ్గా కింద రేవు. నేల మీద, ఇనుప పట్టీలతో, నిజంగానే ఒక పెట్టె.

నూకరాజు ముందుకు ఉరకబోయాడు.

“ఆగు మావయ్యా.” యామిని వెంట తెచ్చిన లాంతరు వెలిగించి, తాడుతో కిందికి దించింది. మోకాలి ఎత్తుకు రాగానే దీపం ఆరిపోయింది. “బరువైన విషవాయువు. నేలంతా పరుచుకుంది. వంగినవాడు మళ్లీ లేవడు.”

“వొంగితే గదా.” అతను నిటారుగా నిలబడే, వెంట తెచ్చుకున్న పడవ తోసే గెడకున్న కొక్కేన్ని పెట్టె కడియానికి తగిలించి లాగాడు. పెట్టె కదిలింది. దాని కింది పగులు బుస్సుమంది. ఆవిరి ఎగదన్నింది, నేల అదిరింది. యామిని దీపం వెలిగించి మళ్లీ దించింది.

ఈసారి నడుము దగ్గరే ఆరిపోయింది.

“ఇంకొక్క లాగు లాగితే...” అంటూ నూకరాజు పక్కకు చూశాడు. పోలమ్మ తల అతని భుజం దాకా కూడా రాదు. ఆమె అప్పటికే దగ్గుతోంది. గెడ అక్కడే వదిలేసి, ఆమెను అమాంతం భుజానికెత్తుకుని పరుగెత్తాడు.

“దించు... నలుగురూ సూత్తారు.”

“ఈ కొండ మీద నలుగురెక్కడున్నారే?”

యామిని వెనకే దూకింది. వాళ్లు వాలు దిగి ఒడ్డు చేరేసరికి గుహ కప్పు కూలి, నల్లని పొగస్తంభం పైకి లేచింది. రాళ్లు సముద్రంలో చుయ్యిమంటూ పడుతుండగా పడవను లోతుకు తోశారు.

మధ్యాహ్నం దాటాక వేట పడవలు ఎదురొచ్చాయి.

“ఏటి రాజన్నా, పెట్టె దొరికిందేటి?” ఎవరో ఎగతాళిగా అరిచారు. పడవల నిండా నవ్వులు.

“దొరికింది. అక్కడే ఉండనిచ్చాను,” అన్నాడు నూకరాజు. “రేవు నెత్తిన కొండ నోరు తెరిచింది. మా అమ్మి కళ్లారా సూసింది. బేగి తిప్పండి.”

అతని వెనక ఆకాశం నల్లబడుతోంది. నవ్వులు ఆగిపోయాయి. ఒక్కొక్క పడవా మొగం తిప్పుకుంటుంటే, పోలమ్మ నిలబడి అన్నిటిలోనూ పిల్లల్ని పేరుపేరునా పిలుస్తూ పోయింది. పిలిచిన ప్రతి పేరుకీ జవాబు వచ్చింది.