తప్పుల జాబితాలో లేని లైను

బుధవారం ఉదయం 7:40. సంగీత భవనం బీరువాలోని హార్డ్ డిస్కు ఖాళీగా ఉంది.

అందులో మూడు వందల పన్నెండు పాటలుండేవి. హవానాకు దూరంగా, హోల్గీన్ ఊరి చుట్టుపక్కల కొండ పల్లెల్లో ముసలి గాయకుల వెంట పదకొండేళ్లు తిరిగి రికార్డు చేసినవి. ఆ గాయకుల్లో సగం మంది ఇప్పుడు లేరు.

9:05కి సబ్ ఇన్‌స్పెక్టర్ నెరెయిదా సంగీత భవనానికి వచ్చింది. అప్పటికే డైరెక్టర్ ఎవెలియో దొంగను తేల్చేశాడు. పాటల రికార్డులు చూసుకునే యుదెల్కిస్‌ను ఎదురుగా కూర్చోబెట్టి, ఉద్యోగం తీసేసే కాగితం కూడా టైపు చేయించాడు. ప్రభుత్వ ఆస్తి నాశనం చేసిన కేసు. జైలు ఖాయం.

నెరెయిదాకు ఒళ్లు మండింది. పెట్రోలు లేదని కంప్యూటర్ నిపుణుడు రానన్నాడు. ఎనిమిదింటికి పోయిన కరెంటు పదింటికి గాని రాదు. బఠాణీలు కలిపిన రేషన్ కాఫీ తాగుతూ ముగ్గురూ చెమటలు కక్కారు.

10:20కి కరెంటు వచ్చింది. ఎవెలియో కంప్యూటర్ తెరిచి చూపించాడు. మూడు ఎర్ర లైన్లు. మంగళవారం 4:12, 4:15, 4:19. డిస్కు తగిలించారు. యూజర్ యుదెల్కిస్. మూడింటి పక్కనా కోడ్ 10.

"పది అంటే ఏమిటి?"

"ఏమో మేడమ్," అన్నాడు ఎవెలియో. "లాటరీలో ఒక్కో అంకెకీ ఓ బొమ్మ. పది అయితే పెద్ద చేప."

"లాటరీ సంగతి నేనడిగానా?"

యుదెల్కిస్ కల్పించుకుంది. "మూడుసార్లు పెట్టాను మేడమ్. తెరుచుకోలేదు. విసుగొచ్చి బీరువాలో పెట్టేశాను."

"ఎన్నింటికి వెళ్లావు?"

ఎవెలియో అందుకున్నాడు. "4:50కి కరెంటు పోగానే చిన్న ఫ్యాను చంకలో పెట్టుకుని పోయింది. ఇక్కడ పని చేసేది నేనొక్కణ్నే. 5:30కి తాళం వేసిందీ నేనే."

"అప్పటిదాకా ఇంకెవరున్నారు?"

"నేను తప్ప ఎవరుంటారు మేడమ్?"

నెరెయిదా రాసుకుంది. తర్వాత డిస్కు తానే తగిలించింది. తెరుచుకోలేదు. కోడ్ 10. మళ్లీ పెట్టింది. కోడ్ 10. మూడోసారి బల్ల మీద ఒక్కటిచ్చింది. చేతికి నొప్పి తప్ప ఏమీ రాలేదు.

ఎర్ర లైను మీద నొక్కింది. కింద ఒక వాక్యం కనిపించింది. ఇన్నేళ్లలో అక్కడ ఎవరూ నొక్కిన పాపాన పోలేదు.

ఈ పరికరం మొదలు కాలేకపోయింది.

పక్కనే, పొద్దున యుదెల్కిస్ మళ్లీ వెంట తెచ్చిన ఫ్యాను తిరుగుతోంది. దాని తీగ కంప్యూటర్‌లోనే ఉంది. నెరెయిదా దాన్ని పీకేసి డిస్కు పెట్టింది. వెంటనే తెరుచుకుంది.

"ఈ పాత డబ్బాలో ఉన్న పవరంతా ఫ్యానే తాగేస్తోంది," అంది. "డిస్కు తగిలింది గాని మొదలవలేదు. గడప తొక్కనివాణ్ని అన్నం తిని పోయాడంటే ఎలా సార్?"

"మరి ఖాళీ ఎలా అయింది?"

"మీరు చూపించింది తప్పుల జాబితా. తప్పు లేకుండా పెట్టిన డిస్కు అందులో కనపడదు."

నెరెయిదా మొత్తం జాబితా తెరిచింది.

5:02. ఇదే డిస్కు. కోడ్ లేదు.

5:03. ఇంకో డిస్కు. కోడ్ లేదు.

5:04. కంప్యూటర్ ఆగిపోయింది.

"కరెంటు పోయాక కంప్యూటర్ కాసేపు బ్యాటరీ మీద నడిచింది. యుదెల్కిస్ పేరుతోనే తెరిచి ఉంది. ఫ్యాను ఆమెతో ఇంటికెళ్లింది కాబట్టి డిస్కు పలికింది. నిన్న మంగళవారం. హవానా నుంచి వారం వారం సీరియళ్ల డిస్కు వచ్చే రోజు. కాపీ చేసుకోవడానికి జాగా కావాలి. అవునా?"

ఎవెలియో కుర్చీలో కూలబడ్డాడు. "టర్కీ సీరియల్ మేడమ్. మా ఆవిడ పోరు పడలేక... పాటలకి ఇంకో కాపీ ఉందనుకున్నాను. తుడవడం పూర్తి కాకముందే బ్యాటరీ చచ్చింది."

"తుడిచాకే చచ్చింది."

"పాటలు తిరిగొస్తాయా?" యుదెల్కిస్ అడిగింది.

"వాటి మీద ఇంకేమీ ఎక్కలేదు. రావచ్చు. మాటివ్వలేను."

ఎవెలియో టైపు చేయించిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఏమనుకోకమ్మాయ్. నీ ఉద్యోగానికి వచ్చిన ఢోకా లేదు."

యుదెల్కిస్ లేచి తలుపు తీసింది.

"పొద్దున బ్రెడ్డు క్యూలో నలభై మంది ముందు నన్ను దొంగ అని లాక్కొచ్చారు. ఆ క్యూ ఇంకా కదల్లేదు సార్. పదండి."