ఆయుధపూజ నాటి రెండు ఆంపియర్లు

ఎమ్మిగనూరు ఎలక్ట్రీషియన్ ఓబన్న షాక్ కొట్టి చచ్చిపోయాడని రిపోర్టు రాశారు. మెడ మీది వేళ్ల గుర్తుల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

"అది హత్య," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, ఆదోని రైల్వే స్టేషన్ వెయిటింగ్ రూములో. "అతను చివరిసారి వైరింగ్ చేసింది ఇక్కడి పత్తి ఫ్యాక్టరీ గోడౌన్లో. గోడ అవతలే మిలిటరీ పెట్రోల్ వ్యాగన్లు. శత్రుదేశం ముఠా కన్ను వాటి మీదే. బాంబు ఎక్కడుందో అన్నపూర్ణని అడుగు."

ఏజెంట్ జనార్ధన్ తలూపాడు. అన్నపూర్ణ నాటక కంపెనీ హీరోయిన్, ముఠాలో మన మనిషి. మనలో ముఠా మనిషేమోనని ఆఫీసులో గుసగుస. జనార్ధన్ నమ్మలేదు. ఆ కళ్లు చూసినవాడెవడూ నమ్మడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అన్నపూర్ణ పట్టుచీర కనిపించింది.

"మబ్బు పట్టిందే," అన్నాడు.

"కోసిగి మీద కురుస్తుందిలెండి."

కోడ్ సరిపోయింది.

"ఇంజన్ రూములో. హారతి వేళకి పేలుతుంది," అని చెప్పి ఆమె కారెక్కి స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

ఆ రోజు ఆయుధపూజ. కూలీలంతా పిల్లాపాపలతో గోడౌన్లో చేరారు. మద్దమ్మ అనే కూలీ పత్తి బేళ్ల నడుమ చీర ఉయ్యాల కట్టి పసిబిడ్డను పడుకోబెట్టింది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వేషంలో జనార్ధన్ ఇంజన్ రూమంతా గాలించాడు. ఏమీ లేదు.

అబద్ధం చెప్పింది!

అప్పుడే లైట్ల బోర్డు మీద చూపు ఆగింది. వోల్ట్‌మీటర్ 220. అమ్మీటర్ 2.

పూజ కోసం మెషీన్లు ఆపేశారు. వెలుగుతున్నది అమ్మవారి పటం ముందు నలభై వాట్ల బల్బు ఒక్కటే. మరి రెండు ఆంపియర్లు ఎవరు తాగుతున్నట్టు? 220ని 2తో గుణిస్తే 440 వాట్లు. బల్బుది తీసేస్తే 400. పత్తిలో ఎక్కడో ఒక హీటర్ మందుగుండును వేడెక్కిస్తోంది!

మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేశాడు. మేస్త్రీ బసవన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టొద్దప్పా! కుంకుమ పెట్టినాము. హారతి అయ్యేదాంకా ఎవురూ ముట్టకూడదు."

"లోపల బాంబుందన్నా!"

"ఏం మాట్లాడతాండావు? తాగొచ్చినావా?"

హారతి గంట మోగింది. జనార్ధన్ బసవన్నను ఒక్క తోపు తోసి, పూలదండతో సహా స్విచ్ లాగేశాడు. "బయటికి పరుగెత్తండి!" అని అరిచాడు. జనం గేటు వైపు విరుచుకుపడ్డారు.

కరెంటు పోయినా తీగ వేడి పోదు. గోడౌన్లోకి చాలా వైర్లు పోతున్నాయి. ఏది? 400 వాట్లను 220తో భాగిస్తే హీటర్ కరెంటు 1.82. వోల్టులు 220ని దాంతో భాగిస్తే రెసిస్టెన్స్ 121 ఓములు. సిగరెట్ పెట్టెలో దాచిన మీటర్‌ని ఒక్కో వైరుకూ తగిలించాడు. ఒకదాని దగ్గర ముల్లు 121 మీద నిలిచింది.

ఆ వైరు పట్టుకుని పరుగెత్తాడు. అది మద్దమ్మ ఉయ్యాల కింది బేలులోకి దూరింది. బేలు పొగ కక్కుతోంది. చేతులు కాలుతున్నా కాయిల్ పీకేశాడు. మందుగుండు చుట్టిన కాగితం అంచు అప్పటికే నల్లబడింది. కట్టను నీళ్లతొట్టిలో పడేసి కూలబడ్డాడు.

చీఫ్ వచ్చాడు. "అన్నపూర్ణ స్టేషన్లో దొరికింది. బేడీలు వేసేలోపే విషపు గుళిక కొరికేసింది."

జనార్ధన్‌కి బాధపడినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

ఇంతలో, తోపులాటలో బయటికి కొట్టుకుపోయిన మద్దమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఉయ్యాలలో గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుంది.

"ఎంతసేపు ఊపితే పండుకునిందనుకున్నావప్పా? కేకలేసి లేపితివే!"

జనార్ధన్ కాలిన చేతులు జోడించి, భారత ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పుకున్నాడు.