దిద్దిన మాట

పొద్దున్నే తోట్కా బామ్మ ఉడికించిన గోధుమలు బట్ట మీద ఆరబోసి చక్కెర చల్లుతోంది. ఆ రోజు కొడుకు వెలిన్ సంవత్సరీకం. కోడలు స్నెజానా ఆ గోధుమలతో పాటు సమాధి దగ్గర పంచడానికి రొట్టెలు మూట కడుతోంది. మనవరాలు నేవెనా బంక డబ్బా తీసుకుని ఎప్పుడో బయటపడింది, నాన్న కాగితాలు ఊరంతా అంటించడానికి.

మా ఊళ్ళో మనిషి పోతే ఫొటోతో కాగితం అచ్చు వేయించి ఇంటి గేటుకీ, బస్టాపులోనూ, రొట్టెల కొట్టు గోడకీ అంటిస్తాం. నలభై రోజులకొకటి, ఆర్నెల్లకొకటి, ఏడాదికొకటి. ఫొటో కింద రాసే మాటలు మాత్రం అందరికీ అవే. అచ్చువాడి దగ్గర తయారుగా ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు. వెలిన్‌కి ఇంతకుముందు ప్రతిసారీ అలాగే చూపించారు.

నేవెనా ప్లోవ్‌దివ్ పట్నంలో కథారచన చదువుతోంది. అక్కడి విద్యార్థులు వేసవిలో సొంత ఊళ్ళకు వెళ్ళి జనం చేత రాయించాలి. ఆ పిల్ల ఊరి పఠనమందిరం పైగదిలో శనివారాలు రాత తరగతి పెట్టింది. "పోయినవాళ్ళకి అచ్చువాడి మాటలెందుకు? మన మాటలే రాసుకుందాం" అంది. భలే ఆలోచనే, నేనూ వెళ్ళాను. బామ్మ మాత్రం రానంటే రానంది.

"కళ్ళు కనబడవు, చెయ్యి వణుకుతుంది. నలుగురూ నవ్వడానికా నేను రావడం?"

"నువ్వు చెప్పు బామ్మా, నేను రాస్తా. నీ మాట ఒక్కటీ మార్చను, ఒట్టు."

ఆ ఒట్టు నమ్మి వెళ్ళింది పాపం. వెలిన్ ద్రాక్షతోటలో పనిచేస్తూ గుండె ఆగి అక్కడికక్కడే పోయాడు. కడసారి ఒక్క మాటైనా చెప్పలేకపోయానన్న దిగులు ఏడాదిగా ఆవిడ గొంతులోనే ఉండిపోయింది. ఆ శనివారం చాలాసేపు ఆగి, ఆగి, మాకెవరికీ వినబడనంత మెల్లగా కొడుకుతో అనాల్సిన మాటేదో చెప్పింది. నేవెనా పక్కనే కూర్చుని లాప్‌టాప్‌లో కొట్టుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు బామ్మ మొహం తేటగా ఉంది.

ఇక ఆ ఉదయం సంగతి. బామ్మ చేతులు కడుక్కుని గేటు దగ్గరకొచ్చింది. ఎదురింటి కేరా కాగితం ముందు నిలబడి కళ్ళొత్తుకుంటోంది.

"ఎంత బాగా చెప్పావే తోట్కా! నీలో ఇంతుందని అనుకోలేదు సుమా."

"ఏదీ, పైకి చదువు."

"కాలం నదిలా సాగిపోతున్నా, ఒక తల్లి మౌనం నీ పేరునే పలుకుతోంది."

బామ్మ కాగితానికి మొహం దగ్గరగా పెట్టింది. "ఇది ఎవరిదే? ఇంకెవరి కాగితమో మా గేటుకి అంటించారేమో చూడు."

"అయ్యో! నీ కొడుకు ఫొటోయే కదే."

నేవెనా అప్పుడే ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. బామ్మ ఆ పిల్లని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నేనెప్పుడన్నానే ఈ నది మాట? మనూళ్ళో నదెక్కడుంది?"

"నీ మాటే బామ్మా, కాస్త దిద్దానంతే. మా టీచరు ఇవాళ అన్నీ చూడ్డానికొస్తున్నారు. నువ్వు చెప్పిందాంట్లో మేజోళ్ళ గురించి ఉంది. అది మరీ…"

"మరీ ఏంటే? ఇంట్లో మాటలా ఉందా? వాడు ఇంట్లోవాడు కాడా?"

"బాగుండాలనే చేశాను."

స్నెజానా మూట వదిలి లేచింది. "దిద్దడానికి అదేమైనా నీ పరీక్ష పేపరా? అత్తయ్య ఏడాదికి నోరు విప్పితే, ఆ నోట్లో నీ మాట కుక్కుతావా? అచ్చువాడే నయం, వాడు ఒట్టు వేయలేదు!"

నేవెనా మొహం ఎర్రబడింది. "సరే, చింపేస్తా! అన్నీ చింపేసి మళ్ళీ వేయిస్తా!" అంటూ గేటు దగ్గరకు పరిగెత్తింది. బామ్మ వెనకే వెళ్ళి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో!

"ముట్టుకోకు! పోయినవాడి కాగితం చింపితే వాణ్ణి మళ్ళీ చంపినట్టే. వానకి నాని అదే రాలాలి."

మా ఊళ్ళో ఆ పాపం ఎవరూ చేయరు. చదువుకున్న నేవెనా కూడా చేయలేకపోయింది. సమాధి దగ్గరకు నడుస్తుంటే దారి పొడుగునా తను అంటించిన వాక్యమే. దారిలో కలిసినవాళ్ళంతా బామ్మ చేయి పట్టుకుని మెచ్చుకున్నారు. బామ్మ తల వంచుకుని ఆ మెప్పు భరించింది.

మధ్యాహ్నం పఠనమందిరానికి టీచరొచ్చారట. నేవెనా వెళ్ళలేదు. వసారాలో బామ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"తప్పయిపోయింది బామ్మా. ఆ మాట మళ్ళీ చెప్పు. ఈ కాగితం పక్కనే ఇంకోటి అంటిస్తాను, ఉన్నదున్నట్టు."

"మళ్ళీ చెప్పడమేంటే? నువ్వు రాసుకున్నావుగా."

"దాని మీదే దిద్దాను. అసలుది… లేదు."

బామ్మ నుదురు రుద్దుకుంది. "మేజోళ్ళని అన్నాను. తడిసినవో, ఆరినవో… దాని తర్వాత ఏదో ఉంది. అదే అసలు మాట. అది ఎలా వచ్చిందో అలా వచ్చేసిందే ఆ రోజు. నీకు గుర్తులేదూ?"

నేవెనా కళ్ళు గట్టిగా మూసుకుని వెతుక్కుంది. పైగది గుర్తొచ్చింది, బామ్మ గొంతులోని వణుకు గుర్తొచ్చింది. మాట రాలేదు. కాలం నదిలా, ఒక తల్లి మౌనం… నోటికి అదే వస్తోంది. తను రాసిందే తనకి కంఠతా వచ్చింది. ఈ ఇంట్లో ఒక తల్లి కొడుకుతో ఒక్కసారి చెప్పిన మాట విన్నది తనొక్కతే, విని పారేసిందీ తనే. అప్పుడు తెలిసొచ్చింది ఆ పిల్లకి. బామ్మ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో తల్లీ. కన్నవాడితో నాకు మాటలు కరువా? రాసుకో, ఇంకోటి చెప్తాను."

నేవెనా కళ్ళు తుడుచుకుని కాగితం తెచ్చుకుంది. బామ్మ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, మాట దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఏం చెప్పాలో అందించమన్నట్టు మనవరాలి వైపు చూసింది.

నేవెనా నాలుక చివర మంచి మాటలు ఎన్నో వచ్చి నిలిచాయి. ఒక్కటీ అందించలేదు. బామ్మ చేయి పట్టుకుని, అలాగే కూర్చుంది.