తాగే నూనె

"ఈ బోర్డు రాయించిన మహానుభావుడెవరండీ?"

గానుగ నూనె కొట్టు ముందు స్కూటీ ఆపి అడిగిన అమ్మాయిని చూసి సిద్ధార్థ బిల్లు రాయడం మరిచిపోయాడు. భవానీపురం మొత్తమ్మీద ఆ బోర్డును అంత కోపంగా చదివినవాళ్లు లేరు. 'పరగడుపున గ్లాసుడు నూనె తాగండి. ఇమ్యూనిటీ పెంచుకోండి.'

"మా నాన్నగారండి. రంగులు మాత్రం నేనే సెలెక్ట్ చేశాను."

"రంగులు బావున్నాయి. మిగతాదంతా అబద్ధం."

ఆమె పేరు సింధూరి. మెడికల్ కాలేజీలో తిండిలోని కొవ్వుల మీద రీసెర్చ్ చేస్తోంది. అది తెలియక సిద్ధార్థ, "కొవ్వుకీ ఇమ్యూనిటీకీ సంబంధం లేదంటారా?" అని అడిగి చేజేతులా క్లాసు పెట్టించుకున్నాడు.

"ఉంది కాబట్టే నా బాధ. ఒంట్లో కొవ్వంటే అటక మీది సామాననుకుంటున్నారా? రోగాలతో పోరాడే కణాలు అందులోనే కాపురం ఉంటాయండి. అతిగా తింటే కొవ్వు కణాలు ఉబ్బుతాయి. పోరాడే కణాలు కంగారుపడి గుమిగూడతాయి. శత్రువు ఉండడు, గొడవ మాత్రం ఆగదు. ఏ కొవ్వు తిన్నామన్నదీ ముఖ్యమే. కొన్ని రెచ్చగొడతాయి, చేపల్లో ఉండేలాంటివి కాస్త చల్లబరుస్తాయి."

"శత్రువు లేకుండా గొడవంటే, అచ్చం మా వాకర్స్ క్లబ్బేనండి."

ఆమె నవ్వింది. దాంతో అతని పని అయిపోయింది.

ఆ క్లబ్బువాళ్లే కొట్టుకి మహారాజ పోషకులు. తెల్లారే కృష్ణ ఒడ్డున నడిచి, ఇక్కడ గ్లాసుడు నూనె తాగి, ఎదురు బండి దగ్గర పునుగులు తిని, ఒళ్లు తేలికైందని ఒకరికొకరు చెప్పుకునేవారు.

వానాకాలమంతా సింధూరి స్కూటీ ఆ కొట్టు రేకుల కిందే ఆగేది. వాన లేని రోజుల్లో కూడా ఆగడం మొదలయ్యాక సిద్ధార్థ ధైర్యం చేసి మనసులో మాట చెప్పేశాడు.

"మీవాళ్లతో కంకిపాడు వచ్చి మా అమ్మని అడగండి. కానీ ఆ బోర్డు దించి రండి. అది ఉండగా నేను ఊఁ అనను."

తండ్రి రామకోటేశ్వరరావు ససేమిరా అన్నాడు. "బోర్డు దిగితే నా పరువు దిగుతుందిరా," అన్నాడు. పైగా పెళ్లిచూపులకి పళ్లూ పూలూ మానేసి, గొప్పగా నూనె డబ్బా మోయించుకెళ్లాడు.

సింధూరి ట్రే పట్టుకుని వచ్చి, 'దించారా' అన్నట్టు చూసింది. సిద్ధార్థ తల దించుకున్నాడు. ఆమె మొహం వాడిపోయింది.

ఇవేమీ తెలియని ఆమె తల్లి సీతారావమ్మ, మర్యాదకి లోటు రాకూడదని వెండిగ్లాసు నిండా ఆ నూనే పోసి తెచ్చింది.

"మీది తాగే నూనెటగా అన్నయ్యగారూ. ముందు మీరు పుచ్చుకోండి. చుట్టాలు ముట్టందే మేం ముట్టం."

డాక్టరు మందలించినప్పటి నుంచి రామకోటేశ్వరరావు ఉత్త ఇడ్లీల మీద బతుకుతున్నాడని సిద్ధార్థకొక్కడికే తెలుసు. చెబితే వియ్యాలవారింట తండ్రి పరువు పోతుంది. చెప్పకపోతే తండ్రి ఆరోగ్యమూ, సింధూరీ రెండూ చేజారతాయి. గ్లాసు ఆయన మీసం దాకా వచ్చింది.

"వద్దు నాన్నా," అంటూ సిద్ధార్థ గ్లాసు పట్టుకున్నాడు. "మా నాన్నగారు నూనె తాగరండి. డాక్టరుగారు వద్దన్నారు. ఊళ్లోవాళ్ల చేత తాగిస్తున్నాం. తప్పు మాదే."

రామకోటేశ్వరరావు కొడుకుని కాల్చేసేలా చూశాడు. తర్వాత గ్లాసు వదిలేసి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"నిలువునా పరువు తీశావు కదరా. ప్రాణం నిలబెట్టావులే." సింధూరి వైపు తిరిగాడు. "రేపే దించేస్తానమ్మా. దాని బదులు ఏం రాయాలో నువ్వే చెప్పు."

"'వంటకు మాత్రమే. కొంచెం చాలు.'"

"నూనె కొట్టుకి ఇంతకన్నా శాపం ఉండదు," అన్నాడాయన. అయినా సరేనన్నాడు.

"నాకిష్టమే," అంది సింధూరి, ఎవరూ అడక్కుండానే.

కొత్త బోర్డు కిందికి వచ్చిన మొదటి బేరం సీతారావమ్మే. పెళ్లి వంటలకి ఎన్ని డబ్బాలుంటే అన్నీ కావాలంది.

"కొంచెం చాలని రాశాం కదండీ అత్తయ్యగారూ," అంటూ సిద్ధార్థ బోర్డు చూపించాడు.

"అది ఊళ్లోవాళ్లకి బాబూ. పెళ్లికి కాదు."

వెనకే నిలబడ్డ సింధూరి తల పట్టుకుంది. ఆ చేతికి తను తొడిగిన ఉంగరం ఉంది కాబట్టి, సిద్ధార్థకి అదీ ముచ్చటగానే కనిపించింది.