పాట ఆగినప్పుడు తిరిగి చూడొద్దు

జఫర్‌గఢ్ దాటినాక గుట్ట మీద ఒక నీళ్ల ట్యాంకి ఉంది. పేరుకే నీళ్ల ట్యాంకి. అందులో ఏనాడూ నీళ్లు నిలవలేదు. కట్టిన ఏడాదికే గోడ పగిలింది. ప్రారంభం నాడు పంచిన కూల్‌డ్రింకులతో తప్ప ఆ ట్యాంకి వల్ల ఊళ్లో ఒక్క గొంతూ తడవలేదు. తర్వాత ఎవరో దాని ఇనుప తలుపు కూడా ఊడబీక్కుని పోయారు. ఎవరో అంటున్నాం గాని, ఆ తలుపు ఎవరి కోళ్ల గూటికి ఉందో అందరికీ తెలుసు.

పొద్దు గూకినాక ఆ దారిన ఎవరూ పోరు.

పోతే — ట్యాంకిలోంచి బరాత్ పాట వినిపిస్తుందట. పెండ్లికొడుకు ఉండడు, గుర్రం ఉండదు, లైట్లు మోసేవాళ్లు ఉండరు. ఒట్టి క్లారినెట్ పాట.

కాసేపు ఊదుతుంది... ఆగుతుంది. మళ్లీ ఊదుతుంది... మళ్లీ ఆగుతుంది.

ఊదినప్పుడు భయం లేదు. ఆగినప్పుడే. ఆగినప్పుడు మాత్రం తిరిగి చూడొద్దంటారు. చూస్తే ఏమవుతుందో చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే చూసినవాళ్లు లేరు. మేకలు కాసే వాల్యా ఒక్కడే తాను చూశానంటాడు. తప్పిపోయిన తన మేకను పులి తిన్నదని కూడా వాల్యాయే చెప్పాడు. ఆ మేక తర్వాత వాళ్ల బావమరిది ఇంట్లో దొరికింది.

అఫ్రీన్‌కు ఇవేవీ పట్టవు. ఆమెది జనగామ. ఆమె ఏం పని చేస్తుందో చుట్టాలకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నోటి పాట లేకుండా ఉత్త వాయిద్యం వాయించేవాళ్లు, వాయిద్యం కానివాటిని కూడా వాయించేవాళ్లు కొందరుంటారు. అలాంటివాళ్ల కచేరీ ఎక్కడుంటే అక్కడికి మైకులు పట్టుకుని పోతుంది. రికార్డు చేసి తన ఛానెల్‌లో పెడుతుంది. దాన్ని వినేవాళ్లు మన పెండ్లిళ్లలో ఆఖరి బంతికి కూర్చునే జనం కన్నా తక్కువ. కాని ఎక్కడెక్కడి దేశాల నుంచో వింటారు, చివరిదాకా వింటారు.

ఆమెకు రెండు పట్టింపులున్నాయి. వాయించింది వాయించినట్టే పెడుతుంది, కోత పెట్టదు. ఇంకొకటి — కచేరీకి ముందు అందర్నీ బయటికి పంపి, మనుషులు లేని ఆ చోటును కాసేపు రికార్డు చేస్తుంది. దాన్ని 'ఖాళీ' అంటుంది. ఆమె పెట్టే ప్రతి కచేరీ ముందు ఆ ఖాళీ వినిపిస్తుంది. ఏమీ లేనిదాన్ని పట్టుకోవడానికి అన్ని వైర్లు ఎందుకని ఆమె మేనమామ భార్య అజీజ్‌బీ ఒకసారి అడిగింది.

ఆ మేనమామ ఆరిఫ్‌ది జఫర్‌గఢే. బ్యాండ్‌లో క్లారినెట్ ఊదేవాడు. ఆయనకు జోడి కుమారస్వామి. వాళ్ల పద్ధతి వేరు. బరాత్ పొడుగు, పాట మధ్యలో తెగితే పెండ్లివాళ్లకు నచ్చదు. అందుకని ఒకడు ఒక వరస ఊదుతుంటే రెండోవాడు ఊపిరి తీసుకునేవాడు. వరస అయిపోతుండగా దాని తోక పట్టుకుని రెండోవాడు తర్వాతి వరస ఎత్తుకునేవాడు. వినేవాళ్లకు ఒకే మనిషి ఊపిరి తీసుకోకుండా ఊదినట్టుండేది. ముప్పై ఏండ్లు అలా ఊదారు. ఏ పాటలోనైనా సగమే ఆరిఫ్‌ది. మిగతా సగం కుమారస్వామిది.

డీజేలు వచ్చి బ్యాండ్‌ను ఊళ్లోంచి తరిమాయి. రెండేండ్ల కింద కుమారస్వామి జ్వరంతో పడుకుని, దవాఖాన నుంచి తిరిగి రాలేదు. ఆరిఫ్ క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి మూసేశాడు.

ఈ మధ్య ఆరిఫ్‌కే ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేస్తామన్నారు, ఊదడం ఇక బంద్ అన్నారు. ఆరిఫ్ ఆ బంద్ ఆపరేషన్ నాటి నుంచి మొదలవుతుందని తనకు అనుకూలంగా తీర్మానించుకున్నాడు.

అఫ్రీన్ అన్ని చోట్లా వెతికింది. మామ పాట ఎక్కడా రికార్డు లేదు. పెండ్లి వీడియోల్లో ఆయన ఉన్నాడు, కాని వీడియోవాళ్లు పైనుంచి సినిమా పాటలు అతికిస్తారు. ఆరిఫ్ బుగ్గలు ఉబ్బుతుంటాయి, ఎవరో హీరోయిన్ పాడుతుంటుంది. మామ ఊదిన పాట ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా దొరకాలి. ఇప్పుడు దొరకకపోతే ఇక లేదు.

చోటు ఆరిఫే చెప్పాడు. ట్యాంకి.

అక్కడ దెయ్యం ఉందంటారు కదా అని ఆమె అంటే, ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ దెయ్యం మేమే బేటా."

ఇంట్లో ఊదితే అజీజ్‌బీ ఊరుకోదు, కుమారస్వామి ఇంట్లో ఊదితే ఆయన భార్య శకుంతల ఊరుకోదు. అందుకని పొద్దు గూకినాక ఇద్దరూ ట్యాంకిలో దూరి సాధన చేసేవారు. ఊరు దెయ్యమనుకుంది. వాళ్లు కాదనలేదు. శకుంతల అయితే ప్రతి అమావాస్యకు నిమ్మకాయలు కోసి బొట్టు పెట్టి గుట్ట కింద పెట్టి వచ్చేది — తన మొగుడికే. ఆ నిమ్మకాయల బొట్టు కడిగి, చక్కెర కలిపి ఇద్దరూ షర్బత్ తాగేవారట.

అఫ్రీన్ నవ్వింది. ఊరిని ఇన్నేండ్లు వణికించిన దెయ్యం సంగతి అంతటితో తేలిపోయిందనుకుంది.

కచేరీకి హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. రాజీవ్ గిటారును నేల మీద పడుకోబెట్టి చెంచాతో రుద్దుతాడు. అజీజ్‌బీ అతన్ని అన్నం తినని పిల్లవాణ్ని చూసినట్టు చూసింది. రెండోది పూజ, బయ్యారం దగ్గరి తండా పిల్ల. ఇనుప రేకుల అంచును ఫిడేలు కమానుతో రాసి మూలిగిస్తుంది. ఆ రేకులతో పాక కప్పుకోవచ్చు కదా అని తండాలో ఇంకా అడుగుతూనే ఉన్నారట.

సామాను గుట్ట ఎక్కిస్తుంటే వాల్యా మేకలు తోలుకుని ఎదురొచ్చాడు. దెయ్యం ఎవరో తెలిసిపోయిందని అఫ్రీన్ నవ్వుతూ చెప్పింది. వాల్యా నవ్వలేదు.

"మునుపు ఒక్క తీరుగ వస్తుండె బిడ్డా. గీ రెండేండ్ల సందే... ఆగుకుంట వస్తున్నది."

మేక తప్పిపోయినప్పుడు కూడా ఇదే మొహం పెట్టి ఉంటాడని అనుకుని ఆమె వైర్లు సర్దుకుంది.

మగ్రిబ్ నమాజు అయింది. ఆకాశంలో వెలుగు అడుగంటింది. పూజ ట్యాంకిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు గోడల వెంట తిరిగి తిరిగి, వెళ్లాలో వద్దో తేల్చుకోలేనట్టు ఎప్పటికో సద్దుమణిగింది.

ఇక ఖాళీ.

అందరూ బయటికి వచ్చారు. అఫ్రీన్ మిషన్ నొక్కి తానూ వచ్చింది. లోపల మైకులు తప్ప ఏమీ లేదు. ఆరిఫ్ రాయి మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటున్నాడు. క్లారినెట్ పెట్టె అజీజ్‌బీ ఒళ్లో ఉంది. పెట్టె మీద ఆమె రెండు చేతులూ ఉన్నాయి.

గాలి లేదు. మేకల గంటలు కూడా దూరమయ్యాయి. తలుపు లేని ఆ సందులోంచి చల్లగా ఏదో కాళ్లకు తగిలింది.

ఆరిఫ్ ఉన్నట్టుండి తలెత్తి ట్యాంకి వైపు చూశాడు. "పోదాం పా బేటా," అన్నాడు. "లేటయితున్నది."

"ఒక్కటే పాట," అన్నది అజీజ్‌బీ. "గంతే."

లోపల రాజీవ్ తీగలు మెల్లగా గొణిగాయి. పూజ రేకు వాటి కింద మూలిగింది. ఆరిఫ్ క్లారినెట్ పెదవులకు పెట్టుకున్నాడు. మొదలుపెట్టకుండా నిలబడ్డాడు... దేనికో ఆగినట్టు. తర్వాత ఊదాడు.

ఒక వరస. ఆ ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందంటే నమ్మలేనంత నిండుగా.

ఆగాడు.

ఊపిరి అందలేదేమోనని అజీజ్‌బీ లేవబోయింది. ఆరిఫ్ చేత్తో వారించాడు. చీకట్లో కుడివైపుకు కొద్దిగా తల తిప్పి, ఎవరికో అన్నట్టు ఊపాడు. మళ్లీ ఊదాడు — తర్వాతి వరస కాదు, దాని తర్వాతిది.

అఫ్రీన్‌కు అప్పుడు అర్థమైంది. మామ తన వంతే ఊదుతున్నాడు. ముప్పై ఏండ్ల అలవాటు. మిగతా సగం ఆయన ఎన్నడూ ఊదలేదు, ఇప్పుడూ ఊదడం లేదు. రాజీవ్ మాత్రం ఆ మౌనాలు గొప్ప ప్రయోగమనుకుని కళ్లు మూసుకుని పరవశించిపోతున్నాడు.

పాట అయిపోయింది. ఆరిఫ్ దగ్గుతూ గోడకు ఆనుకున్నాడు. అజీజ్‌బీ క్లారినెట్ లాక్కుని పెట్టెలో పెట్టి గట్టిగా మూసింది. ఇక ఆ పెట్టె తెరుచుకోదని అందరికీ తెలుసు.

గుట్ట దిగుతుంటే అఫ్రీన్ ఉండబట్టలేక అడిగింది. "మామూ... తక్కిన సగం?"

"తక్కింది నాది కాదు గద బేటా."

సగం పాటతో జనగామ పోయింది. ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడానికి కూర్చుంది.

మామ మొదటి వరస వచ్చింది. ఆగింది.

ఆ ఆగిన చోట... సన్నగా ఇంకేదో ఉంది.

క్లారినెట్.

ట్యాంకి గోడలు మామ ఊదిందే తిప్పి పంపుతున్నాయని తనకు తాను చెప్పుకుంది. రాజీవ్‌కు ఫోన్ చేస్తే అతనూ అదే అన్నాడు, అంతకన్నా పొడుగ్గా అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి మళ్లీ విన్నది. గోడ తిప్పి పంపితే ఊదిన వరసే రావాలి. ఇది ఊదిన వరస కాదు. దాని తర్వాతిది.

ఆమె చెయ్యి దానంతటదే ఖాళీ మీదికి పోయింది.

కాసేపు ఏమీ లేదు. ట్యాంకి గాలి. దూరంగా మేక గంట. క్లారినెట్ అప్పుడు బయట, అజీజ్‌బీ ఒళ్లో మూసిన పెట్టెలో ఉంది. లోపల ఎవరూ లేరు.

తర్వాత... ఎవరో ఊపిరి లోపలికి తీసుకున్నారు. మైకుకు దగ్గరగా.

బరాత్ పాట మొదలైంది. ఒక వరస. ఆగింది. సరిగ్గా ఒక వరస పట్టేంతసేపు మౌనం. మళ్లీ ఊదింది. మళ్లీ ఆగి... ఎదురుచూసింది.

అఫ్రీన్ హెడ్‌ఫోన్లు తీసేసింది. తీసేసినాక గది మరీ నిశ్శబ్దంగా ఉందనిపించి మళ్లీ పెట్టుకుంది. ఆ ఖాళీని మామ ఊదినదాని పక్కన పెట్టి రెండూ కలిపి నడిపింది. ఎక్కడా ఒకరి మీద ఒకరు పడలేదు. ఎక్కడా తెగలేదు. ఒకరు ఊదుతుంటే ఒకరు ఊపిరి తీసుకున్నారు.

పాట మొత్తం దొరికింది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందురోజు జఫర్‌గఢ్ పోయి, మామ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఖాళీని దాటేసి కచేరీ ఒక్కటే వినిపించింది. ఆయన చివరిదాకా కళ్లు మూసుకునే విన్నాడు.

"మొదటిది ఎందుకు తీసినవ్?" అన్నాడు.

"ఏది మామూ?"

"కుమారస్వామి ఎత్తుకున్నది. ఎప్పుడైన వాడే ముందు ఎత్తుకుంటడు. మనం బయట కూసున్నప్పుడే ఊదుతుండె."

అఫ్రీన్‌కు వాల్యా మాట అప్పుడు గుర్తొచ్చింది — గీ రెండేండ్ల సందే ఆగుకుంట వస్తున్నది.

"పాపం, నా వంతు కాడ ఆగి చూస్తడు," అన్నాడు ఆరిఫ్. "ఊరోళ్లేమో భయపడుతరు. జర ఇంటికాడ పరేషాన్ తక్కువుంటే నేనే పోతుంటి." హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పెడితే ఇద్దరి పేర్లు పెట్టు."

ఆమె అలాగే పెట్టింది. ముందు ఖాళీ, తర్వాత కచేరీ, కోత లేకుండా. క్లారినెట్ — కుమారస్వామి, ఆరిఫ్. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒకాయన, రెండో కళాకారుడు పాటతో పెట్టిన ఫోటోలో ఎందుకు కనిపించడం లేదని రాశాడు.

అజీజ్‌బీ ఫోన్‌లో శకుంతల కూడా విన్నది. అంతా విని, "ఇంటికి మాత్రం ఎన్నడన్న గింత తొందరగ వచ్చిండా," అని లేచి పోయింది. ఆ అమావాస్యకు గుట్ట కింద నిమ్మకాయలు కోయకుండా, బొట్టు పెట్టకుండా పెట్టి ఉన్నాయి. పక్కన చక్కెర పొట్లం ఉంది.

ఆరిఫ్ ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాడు. క్లారినెట్ పెట్టె అటక మీద ఉంది, తాళం చెవి అజీజ్‌బీ కొంగున ఉంది. ఇక ఆ గుట్టకు ఏ గొడవా లేదని అందరూ అనుకున్నారు.

మొన్న వాల్యా వచ్చి కొత్త మాట చెప్పాడు. ట్యాంకిలో పాట ఇప్పుడు ఆగడం లేదట. మునుపటిలా ఒక్క తీరుగా వస్తున్నదట.

వాల్యా మాటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. కాని అఫ్రీన్ మామను చూడడానికి వచ్చి ఆ పూట అక్కడే ఉంది. పొద్దు గూకింది. ఆరిఫ్ వాకిట్లో మంచం మీద గుట్ట వైపు తిరిగి కూర్చున్నాడు. చేతికర్రను క్లారినెట్‌లా నిలువుగా పట్టుకున్నాడు. దాని మీద వేళ్లు కదులుతున్నాయి.

కాసేపు కదిలి, ఆగాయి. ఆగినప్పుడు ఆయన నిండుగా ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ కదిలాయి.

కదులుతున్నంతసేపూ ఆయన ఛాతీ కదలలేదు, తీసుకున్న ఊపిరి బయటికి రాలేదు.

అఫ్రీన్ గుట్ట వైపు తిరిగి చూడలేదు.