జుమేరాత్ కాదు, జుమ్మా రాత్రి

జుమేరాత్ అంటే గురువారం. ఆదోనిలో ఈ సంగతి తెలియనివాళ్ళు అరుదు. ఆ అరుదైనవాళ్ళలో ఒకడు ఫంక్షన్ హాలుకు మేనేజరు కావడం నిషాత్ ఖర్మ.

"నువ్వే సెప్పు పాపా," అన్నాడు బసన్న, గోడమీద క్యాలెండరుకు వేలు ఆనించి. "మీ నాయన ఫోన్ జేసి ఏమన్యాడు? జుమ్మా రాత్ అన్యాడు. జుమ్మా అంటే శుక్కురారం. రాత్ అంటే రాత్రి. శుక్కురారం రాత్రికి మీ పేరు రాసిపెట్టినా. నా తప్పు యాడుంది?"

"జుమ్మా రాత్ కాదు బసన్నా! జు-మే-రాత్! గురువారం!"

"రెండూ ఒకే తీరుగ ఇనపడ్తాయి గదా తల్లీ. మాది హాలహర్వి. మా తట్టు గురువారాన్ని గురువారమే అంటారు."

నిషాత్ కుర్చీలో కూలబడింది. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని ఏడాదిగా "మైక్ ఆఫ్ చెయ్" అని అరిచి అరిచి గొంతు గట్టిపడింది. కానీ లాక్‌డౌన్ ఎత్తేశాక కొత్తగా పనిలో చేరిన ఈ బసన్న ముందు ఆ గొంతు కూడా పనిచేయలేదు.

పెళ్ళి ఆమె అక్క ముస్రత్‌ది. మొదటిసారి కార్డులు పంచాక లాక్‌డౌన్ పడింది. హాలుకు తాళం పడింది. రెండోసారి దూల్హా, అంటే పెళ్ళికొడుకు, కువైట్ నుంచి రావలసిన విమానమే ఎగరలేదు. ఇప్పుడు ఎట్లాగో సెలవు దొరికించుకుని వచ్చాడు. శుక్రవారం రాత్రికి బెంగళూరులో మళ్ళీ విమానం ఎక్కాలి. అంటే గురువారం నికా కాకపోతే ఇంకో రెండేళ్ళు ఆగాల్సిందే. ముస్రత్ ఎర్ర దుపట్టా రెండుసార్లు పెట్టెలోంచి బయటికొచ్చి, రెండుసార్లూ కలరా ఉండలతో సహా పెట్టెలోకే పోయింది. ముస్రత్ ఏడవదు, ఎవరినీ ఏమీ అనదు. ఇంట్లో అందరికీ అదే భయం.

"గురువారం ఎవరికిచ్చినావు?" అని అడిగింది నిషాత్.

"ఇంగెవురికి? ఈయప్పకే. గురువారం వలీమా, పెండ్లికొడుకు తట్టువాళ్ళు పెట్టే విందు, ఈయప్పదే."

నిషాత్ వెనక్కి తిరిగింది. వాకిట్లో ఒక పొడుగాటి యువకుడు నిలబడి ఉన్నాడు. నీలం గళ్ళ నేతబట్ట మాస్కు ముక్కు మీదిదాకా ఉంది. కనపడేవి కళ్ళు మాత్రమే. ఆ కళ్ళు నవ్వుతున్నాయి.

"మీరు నవ్వుతున్నారా?" అంది కోపంగా.

"మాస్కు లోపల ఏం జేసుకుంటే మీకేమండీ?"

"చూడండి భాయ్, మీరు గురువారం వదులుకోవాల."

"అడుగుతాండారా, ఆర్డరేస్తాండారా?"

"స్కూల్లో అడిగితే ఎవరూ వినరు. ఆర్డరే అలవాటు."

"మాది ఎమ్మిగనూరు. నేను మీ స్కూలు పిల్లోణ్ణి గాదు," అన్నాడతను. "లాక్‌డౌన్లో ఆగిన పెండ్లిండ్లన్నీ ఒక్కసారే మీదపడినాయి. మా ఊర్లో హాలు దొరక్కనే ఈడికొచ్చినాం. కార్డులు పంచేసినాం. అందరూ గురువారం అనుకుంటాండారు. ఇప్పుడు ఇంటింటికీ పోయి శుక్రవారమని ఎవరు సెప్పాల?"

"నేను చెప్తా."

నోరు జారాక గానీ తానేమందో నిషాత్‌కు తెలియలేదు. వెనక్కి తీసుకునే రకం కూడా కాదు. అందుకని మొత్తం కథ చెప్పేసింది. దూల్హా సెలవు, విమానం, ఎర్ర దుపట్టా అన్నీ. "మూడోసారి కూడా పెట్టెలో పెట్టాల్సొస్తే మా అక్క..." అన్నచోట ఆ గట్టి గొంతు కాస్తా పగిలింది.

అతని కళ్ళు నవ్వడం మానేశాయి.

"అమ్మీతో మాట్లాడి సెప్తా. నెంబరియ్యండి," అన్నాడు మెల్లగా.

అతను మిస్‌డ్ కాల్ ఇచ్చాడు. నిషాత్ ఆ నెంబరును 'వలీమా దూల్హా' అని ఫోన్లో పెట్టుకుంది. ఇంటికి నడుస్తుంటే ఆ కళ్ళే గుర్తొచ్చాయి. ఇంకొకరికి మొగుడు కాబోయేవాడి కళ్ళతో లెక్కల టీచరుకు ఏం పని అని తనను తానే తిట్టుకుంది. తిట్టుకున్నా మనసు తేలికపడలేదు.

సాయంత్రానికి మెసేజ్ వచ్చింది. "అమ్మీ ఒప్పుకునింది. ఇంటింటికీ సెప్తానన్యారు గదా, మాట తప్పగూడదు. ఆదివారం రాండి."

నిషాత్ తండ్రి మొయినుద్దీన్‌కు పత్తి మార్కెట్లో కమీషన్ వ్యాపారం. బస్తా ముట్టుకుంటే పత్తి తేమ చెప్పగలడు గానీ, తన తప్పు చెప్పమంటే మాత్రం చెప్పలేడు.

"నేను సరిగ్గానే సెప్పినా. వానికే సెవుడు," అన్నాడు. "నువ్వే పో బేటా. నేను పోతే బసన్న మీద కోపంలో ఇంగో వారం జెప్పొస్తా."

ఆదివారం ఎమ్మిగనూరు బస్టాండులో ఆమె దిగేసరికి నీలం గళ్ళ మాస్కు ఆటోతో సిద్ధంగా ఉంది. ఆటో ఎవరిదో, అడిగి తెచ్చాడు. వెనక సీట్లో వాళ్ళమ్మ అజీమున్నీసా కూర్చుని ఉంది. ఆమె నిషాత్‌ను తలనుంచి కాళ్ళదాకా చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.

మొదటి ఇంటి దగ్గరే అసలు గొడవ తెలిసొచ్చింది.

"చాచా, వలీమా జుమేరాత్ కాదు, జుమ్మా రాత్," అంది నిషాత్ వినయంగా.

"తెలుసులేమ్మా, జుమేరాతే గదా. కార్డులో సూసినా," అన్నాడాయన అంతకన్నా వినయంగా.

ఆటో దగ్గర పకపకమని నవ్వు. నిషాత్‌కు మొదటిసారి బసన్న మీద జాలి కలిగింది.

"లెక్కలు సెప్పే టీచరుకు వారాలు సెప్పరాదా?" అన్నాడతను ఆటో స్టార్ట్ చేస్తూ.

"మాస్కు అడ్డమొస్తోంది భాయ్."

"అవునవును. పాపం, తప్పంతా మాస్కుదే."

రెండో ఇంటినుంచి ఆమె దారి మార్చుకుంది. "జుమ్మా నమాజు అవుతుంది కదా, ఆ పొద్దు రాత్రికి" అని చెప్పి, వాళ్ళచేత తిరిగి చెప్పించుకునేదాకా గడప దిగలేదు. ఒక పెద్దమనిషి చేత రెండుసార్లు చెప్పించింది. ఆయన బడిపిల్లవాడిలాగే చేతులు కట్టుకుని చెప్పాడు. ఆటోలో కూర్చున్న అజీమున్నీసా దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేతగాళ్ళ వీధిలో మగ్గం ఆపి బయటికొచ్చింది మద్దమ్మ. అజీమున్నీసాకు పాత స్నేహితురాలు.

"శుక్కురారం రాత్రికి మారిందా? శానా మంచిదాయె! గురువారం నాకు రాఘవేంద్రస్వామి ఒక్కపొద్దు. బిర్యానీ వాసన సూసి ఉత్తకడుపుతో ఇంటికి రావాల్సొచ్చునే అని బాధపడ్తాంటి." అంతలో ఆమె చూపు నిషాత్ మీద పడింది. "ఈ పాప ఎవురు అజీమమ్మా? సక్కగుంది. కొత్త కోడలా?"

అజీమున్నీసా నిషాత్ వైపు చూసింది. "ఇంగా కాలేదు," అంది తాపీగా.

అవును, ఆ కొత్త కోడలికి ఇంకా నికా కాలేదు కదా అనుకుంది నిషాత్. అదెవరో గానీ అదృష్టవంతురాలు అని కూడా అనుకుంది. ఆ తరువాత రెండిళ్ళ దగ్గర ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

"ఏమైంది టీచరమ్మా, బ్యాటరీ అయిపోయిందా?" అన్నాడతను అద్దంలోంచి చూస్తూ.

"రోడ్డు చూసి తోలండి భాయ్."

పిలుపులన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అజీమున్నీసా అన్నం తినకుండా పంపనంది. ఇంట్లో భోజనాలకు నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. అందరూ మాస్కులు తీశారు. అతనూ తీశాడు. గడ్డం కింద చిన్న గాటు. నవ్వితే ఒక చెంప మాత్రమే లోతు పడుతుంది. నిషాత్ తల వంచుకుని ఎక్కడలేని శ్రద్ధతో పప్పు కలపసాగింది.

అప్పుడు లోపలి గదిలోంచి బొద్దుగా ఉన్న ఒకాయన, తల నిండా గోరింటాకు పట్టించుకుని బయటికొచ్చాడు.

"నా వలీమాను ఎనక్కి జరిపిన టీచరమ్మ ఈమేనా?"

"మీ వలీమానా?" అంది నిషాత్.

"మరి ఎవరిది? పెండ్లికొడుకుని నేనే గదా. ముదస్సిర్ అంటారు నన్ను."

నిషాత్ మెల్లగా ఇటు తిరిగింది. "మరి మీరు?"

"నేను ఉమేర్. వీని తమ్ముణ్ణి. ఊరంతా తిరిగి సాకిరీ జేసేటోణ్ణి."

"గురువారం వలీమా మీదేనని బసన్న చెప్పినాడే!"

"బసన్న మాట మీరింకా నమ్ముతాండారా?"

ఇల్లంతా నవ్వింది. నిషాత్ కూడా నవ్వింది. ఎంత హాయిగా నవ్విందంటే, తనకే సిగ్గేసింది. ఆ నవ్వు మధ్యలో నేతగాళ్ళ వీధిలో అజీమున్నీసా అన్న మాట గుర్తొచ్చింది. ఇంగా కాలేదు. ముద్ద గొంతుకు అడ్డం పడింది. అజీమున్నీసా ఏమీ ఎరగనట్టు నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

బస్టాండు చేరేసరికి తుంపర మొదలైంది. నిషాత్ కిటికీ పక్కన కూర్చుంది. ఉమేర్ కిందనే నిలబడ్డాడు. తడుస్తున్నాడు, పక్కకు పోడు.

"ఒక్క సాయం జేయాల మీరు," అన్నాడు.

"చెప్పండి భాయ్."

"అదే. ఆ భాయ్ అనేది వదిలేయాల."

నిషాత్ కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుంది. అయినా టీచరు టీచరే. "అడుగుతాండారా, ఆర్డరేస్తాండారా?"

ఉమేర్ మాస్కు గడ్డం కిందికి లాగాడు. నవ్వడం లేదు. "అడుగుతాండా. మీరు హాల్లో మీ అక్క కోసం మాట్లాడినారే, ఆ పొద్దే నా పని అయిపోయింది. మీరు భాయ్ అన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉండాది."

బస్సు కదిలింది. వానలో అతను చిన్నగా కనపడేదాకా ఆమె తల తిప్పలేదు. తరువాత ఫోన్లో 'వలీమా దూల్హా' చెరిపి పేరు మార్చి, మెసేజ్ పెట్టింది. "సరే ఉమేర్."

గురువారం వచ్చింది. ఎర్ర దుపట్టా పెట్టెలోంచి మూడోసారి బయటికొచ్చి, ముస్రత్ తలమీదికి చేరింది. సగం కుర్చీలు తీసేసిన హాల్లో, ఆడవాళ్ళ వైపు తెర వెనక, కాజీ అడిగిన మాటకు ముస్రత్ "కుబూల్ హై" అంది. ఇన్నాళ్ళూ ఏడవని అక్క అప్పుడు ఏడ్చింది. నిషాత్ ఆమెను పట్టుకుని అంతకన్నా పెద్దగా ఏడ్చింది.

భోజనాలయ్యాక మొయినుద్దీన్ నేరుగా అజీమున్నీసా దగ్గరికి వచ్చాడు. తల్లీకొడుకులిద్దరూ నికాకు వచ్చారు.

"ఆపా, మీరు మా పరువు నిలబెట్టినారు. ఈ మేలు మరిచిపోను. ఏం గావాలన్నా అడగండి."

"అడగనా?" అంది అజీమున్నీసా. "మా దినాన్ని మీ పెద్దబిడ్డకిచ్చినాం. మీ చిన్నబిడ్డను మా ఉమేర్‌కియ్యండి."

మొయినుద్దీన్ తలమీది టోపీ సర్దుకున్నాడు. ఉమేర్ వైపు చూశాడు. తరువాత కూతురి వైపు చూశాడు. నిషాత్ కూడా ఉమేర్‌నే చూస్తోంది. ముఖాన అదే నీలం గళ్ళ మాస్కు, పైన అవే కళ్ళు. కానీ ఈసారి అవి నవ్వడం లేదు, భయపడుతున్నాయి. ఆ భయం చూడగానే ఆమెకు తన భయం పోయింది.

"పిల్లనడగాల గదా," అన్నాడు మొయినుద్దీన్. "ఏమంటావు బేటా?"

"నాకిష్టమే అబ్బాజాన్."

"కొంచెం సిగ్గుపడి సెప్పకూడదా?" అన్నాడు తండ్రి. అనేసి తనే నవ్వాడు. "సరే ఆపా. పిల్ల మాటే నా మాట."

గేటు దగ్గర అందరి చేతుల్లో శానిటైజరు పోస్తున్న బసన్న, సంగతి చెవిన పడగానే సీసా పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

"శానా సంతోషం సామీ. డేటు ఈడనే సెప్పండి. మల్లా ఫోన్లో సెప్తే నాకు తిప్పలు. అది జుమేరాతా, జుమ్మా రాతా?"

పెద్దవాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. నిషాత్ క్లాసులో మాదిరి గొంతు సవరించుకుంది.

"రెండూ రాసుకో బసన్నా. జుమేరాత్ నికా. జుమ్మా రాత్రి వలీమా."

బసన్న వేళ్ళమీద లెక్కపెట్టుకుని, గుండెలమీద చెయ్యి వేసుకున్నాడు.

"అట్లయితే ఈ తూరి నేనెట్ల ఇన్నా తప్పు గాదు."